గీతకు ఇవతల ఉన్న పిల్లల గురించి: స్కూల్ బస్సు అర్హత నిర్ణయించే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల రవాణా అధికారులకు, విద్యా కమిటీ సభ్యులకు,

నమస్కారం.

వచ్చే విద్యాసంవత్సరం నుంచి స్కూల్ బస్సు అర్హతను దూరం లెక్క ప్రకారమే కచ్చితంగా అమలు చేస్తామని మీరు పంపిన నోటీసు అందింది. ఇంటికీ బడికీ మధ్య మూడు కిలోమీటర్లు దాటితే బస్సు ఉంటుంది, దాటకపోతే ఉండదు. సీట్లు ఖాళీగా ఉన్నాయని ఇన్నాళ్ళూ ఎక్కించుకున్న పిల్లలు ఇక ఎక్కడానికి వీల్లేదు. వాళ్ళలో మా పాప ఉంది, రెండో తరగతి. మా వీధి పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. నోటీసు వచ్చిన సాయంత్రం నుంచి స్కూలు గేటు దగ్గరా ఫోన్లలోనూ మేం మాట్లాడుకుంటున్నది దీని గురించే. ఆ మాటలన్నీ ఒకచోట చేర్చి మీ ముందు పెడుతున్నాను.

మీ ఇబ్బందులు మాకు తెలియనివి కావు. డ్రైవర్లు దొరకడం కష్టం, ఇంధనం ఖర్చు పెరుగుతోంది, ఉన్న బస్సులతోనే దూరపు ఊళ్ళ పిల్లల్ని వేళకు బడికి చేర్చాలి. ప్రతి ఇంటి గుమ్మం ముందుకూ బస్సు రావాలని మేం అడగడం లేదు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఆ గీత గీసేటప్పుడు మీరు దేన్ని లెక్కలోకి తీసుకున్నారు, దేన్ని వదిలేశారు అన్న దగ్గరే మా అభ్యంతరం.

నోటీసు చివర్లో ఒక వాక్యం ఉంది. అవసరమైన చోట పెద్దల తోడుతో పిల్లలు నడవగలరని భావించి మార్గాన్ని పరిశీలించామని రాశారు. చదివేటప్పుడు చిన్న మాటలాగే ఉంటుంది. మా ఇళ్ళలో పొద్దుటి పూటలన్నీ తలకిందులు కాబోతున్నది మాత్రం ఆ మాటతోనే. ఆ పెద్దలు ఎవరు? రోజూ ఉదయం బడికి తీసుకెళ్ళి, తిరిగి ఇంటికి వచ్చి, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే మనిషి ప్రతి ఇంట్లోనూ ఉంటారని ఎలా అనుకున్నారు? రెండో తరగతి పిల్ల నడకతో మూడు కిలోమీటర్లంటే ముప్పావు గంట పైనే. పెద్దవాళ్ళకు రోజూ రెండుసార్లు రానూపోనూ కలిపితే పన్నెండు కిలోమీటర్లు. రెండున్నర, మూడు గంటలు అందులోనే పోతాయి. మీ ఖర్చు పట్టికలో బస్సు ఉంది, డ్రైవర్ ఉన్నారు, డీజిల్ ఉంది. ఈ మూడు గంటలు మాత్రం ఎక్కడా లేవు. అవి మా ఖాతాలో పడ్డాయి.

ఈ ఆలోచన మీ ఒక్కరిదే కాదని నాకు తెలుసు. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ కౌంటీకీ ఒక కుటుంబానికీ మధ్య ఇలాంటి దారి గురించే కేసు నడిచి, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. ఆ ఇంటి నుంచి బడికి దగ్గరి దారి మూడు మైళ్ళకు కాస్త తక్కువ. కానీ ఆ దారి కొంత మేర దీపాలు లేని, జన సంచారం లేని మట్టి బాట. ఆడపిల్ల ఒంటరిగా నడవడానికి పనికిరాదని కింది కోర్టుల్లోనే తేలింది. అయినా 1986లో తుది తీర్పు కౌంటీకి అనుకూలంగానే వచ్చింది. పెద్దల తోడుతో తగినంత భద్రంగా నడవగలిగితే చాలు, అది అందుబాటులో ఉన్న దారే అన్నారు. ఒంటరిగా వెళితే వచ్చే ప్రమాదం లెక్కలోకి రాదన్నారు. అప్పటి నుంచి అక్కడ నిబంధనలన్నీ ఆ తోడు మనిషి ఉన్నారనే ఊహ మీదే నిలబడ్డాయి. చాలాచోట్ల అధికారులు తెలిసో తెలియకో అదే ఊహను తమ నిబంధనల్లోకి తెచ్చుకున్నారు.

దూరం అంకె సంగతి కూడా ఒకసారి చూడండి. రెండు మైళ్ళు, మూడు మైళ్ళు అన్న హద్దులు ఇంగ్లండ్‌లో నేటికీ అమల్లో ఉన్నాయి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు రెండు మైళ్ళు, ఆ పైన మూడు. 1944 విద్యా చట్టంలో ఈ రెండూ ఉన్నాయి. అందులో మూడు మైళ్ళు ఇంకా పాతది, 1870 నాటి ప్రాథమిక విద్యా చట్టంలోనే కనిపిస్తుంది. కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు తీసుకున్నది 1886లో. అంటే రోడ్డు మీద ఒక్క కారు కూడా లేని రోజుల్లో పుట్టిన అంకె అది. పైగా అప్పట్లో దాని పని వేరు. మూడు మైళ్ళలోపు బడి లేకపోతే, పిల్లాణ్ణి బడికి పంపలేదని తల్లిదండ్రుల మీద కేసు పెట్టకూడదన్నది ఆ నిబంధన ఉద్దేశం. 1944లో కూడా అది తల్లిదండ్రులకు రక్షణగానే చట్టంలో చేరింది. కుటుంబాన్ని కాపాడటానికి పెట్టిన దూరమే ఇప్పుడు పిల్లని బస్సు దించడానికి సాకుగా మారితే, ఆ అంకెను అక్కడ ఎందుకు ఉంచామని కనీసం ఒకసారైనా అడగాలి కదా. మీ మూడు కిలోమీటర్లు ఎలా వచ్చిందో నోటీసులో ఎక్కడా లేదు. ఏ వయసు పిల్లని, ఏ రోడ్డుని, ఏ వేళను దృష్టిలో పెట్టుకుని ఆ అంకె వేశారో మాకు చెప్పాలి.

నోటీసు అందాక కొందరం తల్లులం పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ దారినే బడికి నడిచాం. ఇళ్ళ మధ్య ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. మెయిన్ రోడ్డు ఎక్కాక ఫుట్‌పాత్ కొంతదూరం వచ్చి కల్వర్టు దగ్గర ఆగిపోతుంది. కల్వర్టు గోడ సరిగ్గా రోడ్డు అంచునే ఉంది. దాని పొడుగునా బండ్లు వెళ్ళే చోటే నడవాలి, వేరే దారి లేదు. మేం అక్కడ ఉండగానే ఎదురుగా లారీ వచ్చింది. పిల్లలందరూ గోడకు వీపులు ఆనించి నిలబడ్డారు. నాలుగో తరగతి పిల్లాడికి చెల్లెలి చెయ్యి అందక జడ పట్టుకున్నాడు. లారీ వెళ్ళిపోయాక కూడా వదల్లేదు. ఇంకాస్త ముందుకు వెళితే రోడ్డు దాటాలి. జీబ్రా గీతలు ఒకప్పుడు వేశారు, ఇప్పుడు వెతికితే తప్ప కనబడవు. పక్కనే మలుపు. వచ్చే బండి మన కంటబడేసరికే దగ్గరికి వచ్చేసి ఉంటుంది. మేం నడిచింది మబ్బు కూడా లేని రోజున. వాన పడితే ఆ కల్వర్టు పక్కన నీళ్ళు నిలిచే చోటు ఎక్కడో అక్కడి బురద చూస్తేనే తెలుస్తోంది.

పిల్లలకు రోడ్డు దాటడం నేర్పిస్తే సరిపోతుందని నోటీసు తర్వాత జరిగిన సమావేశంలో ఒకరన్నారు. నేర్పిస్తాం, నేర్పిస్తూనే ఉన్నాం. కానీ నేర్పితే వచ్చేవి కొన్ని, వయసుతో మాత్రమే వచ్చేవి కొన్ని. లండన్ విశ్వవిద్యాలయంలోని రాయల్ హాలోవే కాలేజీ పరిశోధకులు 2010లో ప్రాథమిక పాఠశాల పిల్లల మీద పరీక్షలు చేశారు. గంటకు 20 మైళ్ళు, అంటే దాదాపు 32 కిలోమీటర్ల వేగం దాటి వచ్చే బండిని ఆ వయసు పిల్లలు నమ్మకంగా పసిగట్టలేకపోవచ్చని తేల్చారు. బండి దగ్గరవుతున్న కొద్దీ కంటికి పెద్దదవుతుంది. ఆ మార్పును పట్టుకునే శక్తి వాళ్ళలో ఇంకా పూర్తిగా ఎదగదు. పిల్లలు నిర్లక్ష్యంగా ఉండి జరిగేది కాదిది. ఆ మెయిన్ రోడ్డు మీద 32 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే లారీ ఒక్కటి కూడా మాకు కనిపించలేదు. అన్నీ అంతకంటే వేగంగానే వెళుతున్నాయి.

బ్యాగు బరువు గురించి కూడా చెప్పాలి. పిల్లల బరువులో పదో వంతుకు మించి బ్యాగు ఉండకూడదని భారతదేశంలో 2020లో వచ్చిన స్కూల్ బ్యాగు విధానం చెబుతోంది. ఇరవై కిలోల పిల్లకు రెండు కిలోలు. ఆ కాస్త బరువైనా బస్సు దాకా మోయడం ఒక ఎత్తు, మూడు కిలోమీటర్లు మోయడం ఇంకో ఎత్తు.

ఇక కొలత విషయానికి వస్తాను. మీ ఆఫీసులో మ్యాప్ సాఫ్ట్‌వేర్‌తో దూరం కొలిచారు. మా ఇంటికి వచ్చిన అంకె 2.9 కిలోమీటర్లు. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారని అడిగితే, దగ్గరి నడక దారిలో స్కూలు దాకా అన్నారు. ఆ దారి గీసిన కాగితం అడిగి తీసుకుని చూశాం. అది స్కూలు వెనక గేటు దగ్గర ఆగింది. ఆ గేటుకు ఉదయం తాళం వేసే ఉంటుంది. పిల్లలందరూ చుట్టూ తిరిగి ముందు గేటు నుంచే లోపలికి వెళ్ళాలి. ఆ చుట్టు కలిపితే మా ఇల్లు మూడు కిలోమీటర్లు దాటుతుంది. కంప్యూటర్‌కు తాళం సంగతి తెలియదు. కానీ ఆ స్కూలుకు రోజూ వచ్చే మీ సిబ్బందికి తెలుసు. ఒక్కరు వచ్చి నడిచి ఉంటే ఈ పొరపాటు కాగితం మీదికి ఎక్కేది కాదు. మా వీధిలో ఎదురెదురు ఇళ్ళ పిల్లలు ఒకే తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒకరికి బస్సు ఉంది, ఇంకొకరికి లేదు. బస్సు మాత్రం ఇద్దరి ఇళ్ళ మధ్య నుంచే వెళుతుంది.

దూరం ఒక్కటే చూడకూడదని నిబంధనలు రాసేవాళ్ళకు తోచని సంగతేమీ కాదు. భారతదేశంలో విద్యాహక్కు చట్టం కోసం 2010లో కేంద్రం రాసిన నమూనా నియమాల్లో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు కిలోమీటరులోపు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వాళ్ళకు మూడు కిలోమీటర్లలోపు నడిచి వెళ్ళేంత దూరంలో బడి ఉండాలని రాశారు. అంతటితో ఆగలేదు. కొండ దారులు, కొండచరియలు విరిగిపడే చోట్లు, వరదలు, రోడ్లు లేకపోవడం, చిన్న పిల్లలకు దారిలో ప్రమాదం ఉండటం లాంటివి ఉంటే ఆ హద్దును తగ్గించాలన్నారు. బడి లేని చిన్న పల్లెల పిల్లలకు ఉచిత రవాణా లాంటి ఏర్పాట్లు, వికలాంగ పిల్లలకు అనువైన, భద్రమైన రవాణా కల్పించాలన్నారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో చాలా పాఠశాల జిల్లాలకు ఎనిమిదో తరగతి దాకా రెండు మైళ్ళు, ఆ పైన మూడు మైళ్ళ హద్దు ఉంది. అయినా దూరం తక్కువే అయి దారి ప్రమాదకరంగా ఉంటే, ఆ ప్రాంతాన్ని బాలల భద్రతా మండలంగా గుర్తించి బస్సు నడిపే వీలు అక్కడి చట్టంలోనే ఉంది. మీ నోటీసులో అలాంటి వాక్యం ఒక్కటి కూడా లేదు. అంకె దగ్గర మొదలై అంకె దగ్గరే ముగిసింది.

ఈ నిబంధన ఎవరి మీద ఎలా పడుతోందో మీరు దగ్గర నుంచి చూడాలని నా కోరిక. మాలో ఒకామె ఆసుపత్రిలో నర్సు, ఉదయం షిఫ్ట్. పిల్లాణ్ణి బస్సెక్కించి అటు నుంచి అటే డ్యూటీకి వెళుతుంది. ఇప్పుడు షిఫ్ట్ మార్చమని అడగాలి. మార్చకపోతే ఏం చేయాలో ఆమెకు తోచడం లేదు, రాత్రిళ్ళు అదే టెన్షన్ అని చెప్పింది. ఇంకో ఇంట్లో తండ్రి ఒక్కడే పిల్లల్ని పెంచుతున్నాడు. చిన్నవాడికి నాలుగేళ్ళు. పెద్దదాన్ని బడికి దింపి వచ్చేదాకా చిన్నవాణ్ణి ఎవరి దగ్గర వదలాలి? వెంట తీసుకెళితే ఆ కల్వర్టు పక్కన ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని నడవాలి. మరో ఇంట్లో పిల్లని చూసుకునేది అమ్మమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఆమెకు మేడ మెట్లు దిగడమే కష్టం. ఈ ముగ్గురూ మీ లెక్కలో పెద్దల తోడు ఉన్న కుటుంబాలే.

కారు ఉన్నవాళ్ళు కారులో దింపుతారు. కారు లేనివాళ్ళు నలుగురైదుగురు కలిసి అద్దె వ్యాన్ మాట్లాడుకుంటున్నారు. సీట్లు సరిపోక పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోవాల్సి వస్తుందని ఇప్పటికే తెలుస్తోంది. బస్సు ఒక్కటి తగ్గితే గేటు ముందు పదుల కొద్దీ బండ్లు పెరుగుతాయి. అవన్నీ ఒకే పావుగంటలో వచ్చి, అక్కడే తిరిగి వెనక్కి వెళ్ళాలి. నడిచి వచ్చే పిల్లలకు అదంతా కొత్త ప్రమాదం. మీరు నడవమన్న దారినే మీ నిర్ణయం ఇంకా ప్రమాదకరం చేస్తుంది. ఈ విషయం మీద ట్రాఫిక్ అధికారులతో ఎవరైనా మాట్లాడారా అని సమావేశంలో అడిగాం. సమాధానం రాలేదు.

ఇంకా చిక్కులు ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. తల్లిదండ్రులు విడిగా ఉంటూ పిల్లలు వారంలో కొన్ని రోజులు ఒక ఇంట్లో, కొన్ని రోజులు ఇంకో ఇంట్లో ఉండే కుటుంబాలు ఉన్నాయి. మీ ఫారంలో చిరునామా గడి ఒక్కటే. దగ్గరి బడిలో సీటు లేక దూరపు బడిలో చేరిన పిల్లలకు, దగ్గరి బడి ఉండగా అక్కడికి వెళ్ళారు కాబట్టి బస్సు లేదని జవాబు వస్తోంది. అక్కడ సీటు లేదని ఉత్తరం ఇచ్చింది విద్యాశాఖే.

దూరం వల్ల చదువు ఎంత మారిపోతుందో చెప్పడానికి గట్టి ఆధారాలు ఉన్నాయి. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ ఆ పథకాన్ని అధ్యయనం చేశారు. వయసుకు తగిన తరగతిలో హైస్కూల్లో చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని, ఆడ మగ పిల్లల మధ్య తేడా 40 శాతం తగ్గిందని 2017లో ప్రచురించారు. పెరుగుదల ఎక్కువగా కనిపించింది హైస్కూలు మూడు కిలోమీటర్లు, అంతకంటే దూరం ఉన్న ఊళ్ళలో. రాకపోకల సాధనం ఒక్కటి దొరికితే చదువుకునే అమ్మాయిలు అంతమంది పెరిగారు. అదే సాధనం తీసేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, వాన పడితే, షిఫ్ట్ మారితే ఆ రోజు బడి మానేయాల్సి వస్తుంది. చిన్న తరగతుల్లో చదవడం అప్పుడప్పుడే వస్తున్న పిల్లలకు వారంలో ఒక రోజు పోయినా ఆ వెలితి తర్వాతి తరగతికి కూడా వెంట వస్తుంది. హాజరు తగ్గిందని మాకు ఉత్తరం పంపేది కూడా ఈ శాఖే.

మేం కోరుతున్నది కష్టసాధ్యమేమీ కాదు. ముందుగా, ఇప్పటికే బస్సెక్కుతున్న పిల్లలు ఆ బడిలో చదువు పూర్తయ్యేదాకా ఎక్కనివ్వండి. ఆ బడిలో చేర్పించేటప్పుడు బస్సు ఉందనే నమ్మకంతో చేర్పించాం. ఇళ్ళు అద్దెకు తీసుకున్నవాళ్ళు, ఉద్యోగాలు కుదుర్చుకున్నవాళ్ళు ఆ లెక్క మీదే కుదుర్చుకున్నారు. కొత్త నిబంధన కావాలంటే కొత్తగా చేరేవాళ్ళకు వర్తింపజేయండి. అది కూడా అడ్మిషన్లకు ముందే, ఏ ఇంటికి ఏ బడి, ఆ బడికి బస్సు ఉందో లేదో మ్యాప్ మీద చూసుకునేలా పెట్టండి. ప్రవేశం అయిపోయాక నోటీసు ఇస్తే తల్లిదండ్రుల చేతిలో ఏమీ మిగలదు.

దూరం కొలిచేటప్పుడు ఇంటి గుమ్మం నుంచి పిల్లలు నిజంగా లోపలికి వెళ్ళే గేటు దాకా కొలవండి. హద్దుకు దగ్గరగా వచ్చిన ప్రతి ఇంటి దారినీ ఒక మనిషి నడిచి చూడాలి. బడి వేళకు నడవాలి, వానాకాలంలో ఒకసారైనా నడవాలి. ఫుట్‌పాత్ లేని చోటు, దాటడానికి గుర్తులు లేని చోటు, మలుపు దగ్గర కనబడని చోటు రాసుకుని, అవి సరిచేసేదాకా ఆ దారిని నడిచే దారిగా లెక్కపెట్టకూడదు. కల్వర్టు పక్కన నడిచే దారి వేయించడం రోడ్ల శాఖ పని అంటారేమో. నిజమే, అది వాళ్ళ పని. వేసేదాకా బస్సు మాత్రం మీ పని.

పెద్దల తోడు అన్న మాట నిబంధనలో ఉంచదలిస్తే, ఆ తోడు లేని కుటుంబాల కోసం ఒక గడి కూడా పెట్టండి. ఒంటరి తల్లి, ఒంటరి తండ్రి, ఉదయం షిఫ్ట్ ఉన్నవాళ్ళు, ఇంట్లో పసిబిడ్డో మంచాన పడ్డవాళ్ళో ఉన్నవాళ్ళు తమ పరిస్థితి రాసి దరఖాస్తు పెట్టుకునేలా ఉండాలి. కావాలంటే రుజువులు అడగండి, ఇస్తాం. అప్పీల్ ఉందని నోటీసులో రాశారు, సంతోషం. కానీ విచారణ తేదీలు బడి తెరిచాక నెలకు ఉన్నాయి. ఆ నెలంతా పిల్ల బడికి ఎలా వెళుతుంది? బడి తెరవక ముందే విచారణ ముగియాలి. లేదంటే తీర్పు వచ్చేదాకా బస్సు ఎక్కనివ్వాలి. అప్పీల్ వినేవాళ్ళలో మొదటి నిర్ణయం తీసుకున్న అధికారి ఉండకూడదు.

ఖాళీ సీట్ల సంగతి మిగిలింది. ఆ బస్సు మా వీధి మీదుగానే వెళుతుందని చెప్పాను. సీట్లు ఖాళీగా ఉండగా, రూటు మారకుండా, అదనపు స్టాప్ అవసరం లేకుండా ఎక్కగలిగే పిల్లల్ని రోడ్డు మీద వదిలి వెళ్ళడంలో మీకు మిగిలేది ఏమిటో ఎంత ఆలోచించినా మాకు అర్థం కాలేదు. బీమా సమస్య ఉందంటే ఆ కాగితాలు చూపించండి, సంతకాలు పెడతాం. అర్హత ఉన్న పిల్ల కొత్తగా చేరితే మా పిల్ల సీటు ఇవ్వాల్సి ఉంటుందని రాసిచ్చినా ఒప్పుకుంటాం. చిన్న తరగతుల వాళ్ళకు ముందు సీట్లు ఇవ్వండి, తోబుట్టువుల్ని విడదీయకండి, మిగిలినవి దూరం వరసలో ఇవ్వండి. ఆ వరస పట్టిక స్కూల్లో గోడకు అంటించండి.

కమిటీ తుది నిర్ణయం తీసుకునే ముందు మీలో ఇద్దరు ముగ్గురైనా ఒక పని దినాన ఉదయం మా వీధి మొదటికి రండి. కారు అక్కడ ఆపి, మా పిల్లలతో బడి దాకా నడవండి. తేదీ మీరే చెప్పండి, మేం సిద్ధంగా ఉంటాం. నడిచిన తర్వాత కూడా ఈ దారి రెండో తరగతి పిల్లకు సరిపోతుందని మీకు అనిపిస్తే, ఆ మాట కారణాలతో సహా రాసి సంతకం పెట్టి ఇవ్వండి. మేం చూసిన దారి వివరాలు, ఫొటోలు, వెనక గేటు తాళం సంగతి, బస్సు ఆగిపోతే ఇబ్బంది పడే కుటుంబాల పరిస్థితి అన్నీ ఈ లేఖతో పాటు మీ కార్యాలయంలో ఇస్తున్నాం. అందినట్లు ముద్ర వేసి ఒక కాపీ మాకు ఇవ్వగలరని మనవి.

ఇట్లు,
రెండో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తల్లి,
బస్సు అర్హత కోల్పోయిన పిల్లల తల్లిదండ్రుల తరఫున